ఎడమకు లాగే మోటారు

దస్తగిరికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు సుమండీ!

జాగీర్దారు దొరవారికి మద్రాసు నుంచి కొత్త మోటారు దిగింది. ఇత్తడి దీపాలు, ఎర్ర తోలు సీట్లు, కోడిపుంజు మెడలా నిగనిగలాడే ఒళ్లు! "వారం రోజులు తోలి చూడు. బాగుందంటే కొంటాను, నువ్వే డ్రైవరువి. బాగాలేదంటే శుక్రవారం దీన్ని తిరుగు రైలెక్కిస్తాను" అని, జరీ అంచు తలపాగా ఒకటి ఇచ్చారు దొరవారు.

దస్తగిరి నిన్నమొన్నటిదాకా జట్కా తోలినవాడు. మద్రాసులో మూడు నెలలు మోటారు నేర్చుకొచ్చి, ఆ ధీమాతో గుర్రాన్ని కూడా అమ్మేశాడు. ఇక వెనక్కి పోదామన్నా దారి లేదు.

గురువారం పొద్దున్నే మోటారు తీసుకుని దర్గాకు వెళ్లాడు. అక్కడ వాడి గురువు కరీముల్లా షా బాబా మేకకు ఆకు మేపుతున్నారు.

"బాబా, బ్రేకు కడ్డీ లాగితే లాగినచోట ఆగుతుంది. హారన్ బుడ్డి నొక్కితే బర్రెలు కూడా దారిస్తాయి. మిట్ట ఎక్కినా రొప్పదు. స్టీరింగు చక్రం మీద వేగం మార్చే మీటలు రెండూ చెప్పినట్టు వింటాయి. ఒక్కటే జబ్బు, చక్రం ఎడమకు లాగుతుంది. ఆ మాట చెబితే బండి పోతుంది, నా కొలువూ పోతుంది. అబద్ధం ఆడనని మీ చేతిలో చెయ్యేసినవాణ్ణి. ఏం చెయ్యను?"

బాబా చేతులు దులుపుకుని లేచారు. "పద నాయనా, నేనూ ఎక్కి చూస్తా."

దర్గా నుంచి వంతెన దాకా ఒకటే బాట. కుడివైపు కాలువ, ఎడమవైపు జట్కాల అడ్డా. మోటారు అడ్డా దగ్గరికి రాగానే పాత నేస్తాలు కేకలేశారు.

"ఒరేయ్ దస్తగిరీ! దానికి దాణా ఏం పెడతావురా?"

"పెట్రోలు మామా! నీ గుర్రం తాగిందంటే నిన్ను వదిలి ఎగిరిపోతుంది!"

తలపాగా సర్దుకుంటూ దస్తగిరి అన్న ఆ మాట పూర్తయ్యేలోగా బండి ఎడమ చక్రం గడ్డిమోపు మీదికెక్కి దిగింది.

"చూశారా బాబా, లాగింది!"

"లాగింది" అన్నారు బాబా.

వంతెన దగ్గర బండి తిప్పించారు. ఇప్పుడు కాలువ ఎడమవైపు, అడ్డా కుడివైపు. అడ్డా రాగానే మోటారు కుడికి తిరిగి, నీళ్ల తొట్టికి జానెడు దూరంలో ఆగింది. జట్కావాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇదేంది బాబా! ఈసారి కుడికి లాగుతోంది! జబ్బు ముదిరింది!"

నవ్వకండి నాయనా, పాపం వాడికి నిజంగానే ఏడుపొచ్చింది.

బాబా మాత్రం నవ్వలేదు. దర్గా దాకా రానిచ్చి, "ఎండ మాడు కాలుస్తోందిరా. ఆ తలపాగా కాస్త ఇట్లా ఇవ్వు. ఇంకొక్కసారి వంతెన దాకా పోయొద్దాం" అన్నారు.

వట్టి నెత్తితో, చెమటకు అంటుకుపోయిన జుట్టుతో దస్తగిరి మళ్లీ చక్రం పట్టాడు. ఈ అవతారంలో అడ్డావాళ్ల కంట పడకుండా దాటిపోతే చాలనుకున్నాడు. చూపు బాట మీదే పెట్టాడు.

వాడిని చూసినవాడెవరు? వెనక సీట్లో జరీ తలపాగాతో పెళ్లికొడుకులా బాబా! జట్కావాళ్లంతా లేచి నిలబడి "సలాం బాబా! సలాం!" అంటుంటే, బాబా రెండు చేతులా సలాములు అందుకుంటున్నారు. మోటారు అడ్డా దాటింది. వంతెన దగ్గర తిరిగింది. మళ్లీ అడ్డా దాటింది. దారం పట్టి గీసినట్టు తిన్నగా వచ్చి దర్గా ముందు ఆగింది.

దస్తగిరి వెనక్కి తిరిగి, బాబా నెత్తి మీది తలపాగాకేసి చూశాడు.

బాబా తలపాగా తీసి సీటు మీద పెట్టి, మేక దగ్గరికి వెళ్లిపోయారు.

శుక్రవారం నమాజు అయ్యాక దస్తగిరి దొరవారి కోటకు వెళ్లాడు.

"ఏమిరా, బండి ఎట్లా ఉంది?"

"తిన్నగా ఉంది దొరా. బండిలో ఏ లోపమూ లేదు."

"మరి నేనిచ్చిన తలపాగా ఏదీ?"

దస్తగిరి నెత్తి తడుముకుని నవ్వాడు.

"దర్గాలో వదిలొచ్చాను దొరా. లాగేది అదే."