వేణ్ణీళ్ళ పడవ

అనగనగా ఒక కాలవ. ఊరేదీ అని అడుగుతావేమిట్రా, ఊరెక్కడికి పోతుంది, గట్టు మీదే ఉంటుంది. ముందు కాలవ చెప్పనీ. గోదాట్లోంచి బయల్దేరి కాకినాడ దాకా పోయే కాలవ. ఆ కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో సింహాద్రి అని ఒక పడవవాడు, వాడి పెళ్ళాం మంగాయమ్మ, వాడి తల్లి మాచరమ్మ. ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి. మీరు ఊ కొడితేనే నా పడవ కదిలేది.

ఆ రోజుల్లో సరుకు పడవంటే దానంతట అది పోదు. గాలుంటే తెరచాప. గాలి లేదూ, మనిషి గట్టెక్కి, తాడు భుజానేసుకుని, ఎద్దులా లాగాలి. సింహాద్రి అలా లాగీ లాగీ, తాడు ఒరిపిడికి వాడి భుజం మీద ఇంత లావు కాయ కాసింది. సాయంత్రం మంగాయమ్మ ఆముదం రాస్తుంటే అది చేతికి గరుగ్గా తగిలేది. తగిలినప్పుడల్లా ఆ పిల్ల ఇంకాస్త ఆముదం పోసి రుద్దేది. ఏమైనా సరే, ఈ మనిషి భుజం మీంచి తాడు దింపాలి అనుకుంది.

ఇలా ఉండగా ధవళేశ్వరంలో ఎవరో ఆవిరి పడవ వదిలించుకుంటున్నారని తెలిసింది. ఇంకేం, మంగాయమ్మ మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తమ పాత పడవ అక్కడిచ్చేసి, దాన్ని తెచ్చుకున్నారు. దానితోబాటు దాన్ని నడిపే దస్తగిరి సాయిబు కూడా వచ్చాడు. ఆయన గడ్డం ఒక్కటే తెలుపు, తక్కిందంతా మసే.

పడవ రేవులోకి వచ్చి 'కూఁ...' అనేసరికి ఊరు ఊరంతా హడిలిపోయింది. మాచరమ్మ గుండెలు బాదుకుంది. "నిప్పు తింటుంది, నీళ్ళు తాగుతుంది, పొగ కక్కుతుంది, కూఁ అని కేకేస్తుంది! ఇది పడవేమిటర్రా, దయ్యం! నా కోడలు పిల్ల ఇంటికి దయ్యాన్ని తెచ్చిందమ్మోయ్!"

అంతే, ఆ పడవకి సరుకిచ్చినవాడు లేడు. కొబ్బరికాయలన్నీ తాడు పడవ గవరయ్యకే వేసేవారు. నిప్పు తినే దయ్యం, నీళ్ళు తాగే దయ్యం, పొగ కక్కే దయ్యం రేవులో ఖాళీగా కూచుంది. చూసి చూసి మాచరమ్మ తేల్చి చెప్పేసింది. వేసవిలో నీళ్ళాపి కాలవ కట్టేసేలోగా ఇది ఒక్కసారైనా కాకినాడకి సరుకు చేర్చాలి. చేర్చిందా, ఉంచుకోండి. లేదా, చెక్క నా పొయ్యిలోకి, ఇంజను పాత ఇనుములోకి, నా కొడుకు మళ్ళీ తాడులోకి!

మంగాయమ్మ ఏం చేస్తుంది చెప్పండి? రేవులో కూచుని ఆలోచిస్తోంది. అప్పుడు చూసింది, దస్తగిరి సాయిబు ఇంజను పక్కనున్న కుళాయి తిప్పి, పొగలు కక్కే నీళ్ళు పట్టుకుని, హాయిగా స్నానం చేస్తున్నాడు. "సాయిబు గారూ, మా అత్తకి మోకాళ్ళ నెప్పులు, ఓ బిందెడు పట్టుకోనా?" అంది. "పట్టుకో అమ్మాయీ, కాలవ నీళ్ళేగా" అన్నాడాయన.

మాచరమ్మ ఒళ్ళు తడుపుకుని "ఆహా" అంది. ఎక్కడివే ఈ నీళ్ళు అని అడిగితే, రేవులోవి అత్తా అంది మంగాయమ్మ. అబద్ధమా? కాదుగా! మర్నాడు ముసలావిడే బిందె చేతికిచ్చి, ఆ రేవు నీళ్ళే తెమ్మంది. దయ్యం నీళ్ళని తెలిశాక కూడా మానలేదర్రా. మోకాళ్ళు చెబితే వినవు కదా!

ఇక చూసుకోండి. బాలింతకని ఒకావిడ, పసిగుడ్డుకని ఒకావిడ, నడుం పట్టిందని ఒకావిడ, బిందెలతో రేవుకి బారులు తీరారు. కట్టెలు మిగిలే, పొగ బాధ తప్పే. దయ్యం పడవ కాస్తా వేణ్ణీళ్ళ పడవైంది. ఆడవాళ్ళు ఇళ్ళకెళ్ళి, ఈసారి కాయలు ఆ పడవకే వెయ్యకపోయారో, వేణ్ణీళ్ళు మీరే కాచుకోండి అన్నారు. మర్నాటికి పడవ నిండిపోయింది! ఊ అనండర్రా.

బయల్దేరేది ఉగాది నాడు. మర్నాడే కాలవ కట్టేస్తారు. అంటే ఇదొక్కటే అదను. అదేమో పండగ పొద్దు. ఊరందరికీ తలంట్లు. సాయిబు కట్టెల కోసం వెళ్ళాడో లేదో, బిందెలు, కాగులు, గంగాళాలు వచ్చిపడ్డాయి. పండగ పూట లేదనలేక మంగాయమ్మ కుళాయి తిప్పుతూనే ఉంది.

సాయిబు వచ్చి చూసి లబలబలాడాడు. "అమ్మాయీ, నీళ్ళు కాగే దీని బాయిలరు కడుపు ఖాళీ చేశావా? ఇలాగే మంటేస్తే పేలిపోతుంది!" గబగబా నిప్పు లాగేశాడు. చన్నీళ్ళు పోసి మొదట్నించీ కాస్తే సాయంత్రమౌతుంది. ఆలోపు కాలవకి అడ్డంగా ఉండే లాకు తలుపులు మూసేస్తారు, ఇక తియ్యరు.

గట్టు మీద తాడు లాగుతూ గవరయ్య దాటిపోయాడు. "ఏరా సింహాద్రీ, మీ దయ్యానికి దాహమేస్తోందా?" అంటూ.

సింహాద్రి పడవెక్కాడు. మూలనున్న తాడు తీశాడు. "మంగా, పక్కకి తప్పుకో" అని దాన్ని భుజానికెత్తుకున్నాడు. సరిగ్గా ఆ కాయ మీదే.

మంగాయమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరిగాయి గాని కారనివ్వలేదు. ఖాళీ బిందె, గరిటె తీసుకుని, టంగు టంగుమని కొడుతూ వీధిలో పడింది. "అమ్మల్లారా! అరువిచ్చిన నిప్పు తిరిగిచ్చుకుంటాం, తోడుకిచ్చిన మజ్జిగ తిరిగిచ్చుకుంటాం. నా వేణ్ణీళ్ళు నాకివ్వండి! తలంట్లు రేపైనా పోసుకోవచ్చు, నా మొగుడికి రేపు లేదు!"

ఇంక చూడాలి! వాకిళ్ళు తెరుచుకున్నాయి. బిందె వెనకాల బిందె, కాగు వెనకాల కాగు, పొయ్యిలో నిప్పులు పెంకుల మీద. దస్తగిరి సాయిబు బాయిలరు నోటి దగ్గర కూచుని ప్రతి బిందే వాసన చూస్తాడు. పసుపు పడ్డవి వద్దు, నూనె తేలినవి వద్దు, మంచివే పొయ్యండి అంటాడు. అంతలో పడవెక్కి వచ్చింది మాచరమ్మ! నెత్తి నిండా కుంకుడు నురగ, కళ్ళు మూసుకుని, చేతిలో తపేలా.

"మామ్మా, నురగ నీళ్ళు పోస్తే నా బాయిలరూ నీలాగే నురగలు కక్కుతుంది, పట్టుకుపో!"

"అయితే మా దొడ్లో గంగాళం నిండా ఉన్నాయయ్యా, మోయించుకురండి!" అందావిడ. రెండో వాయి పోసుకోవడానికని దాచుకుందిట, అందరూ వింటుండగా చెప్పేసింది.

ఆ గంగాళంతో నీళ్ళు బాయిలరు మీది కొలత గీత దాకా లేచాయి. నిప్పు నీళ్ళని మరిగించింది, నీళ్ళు ఆవిరిని కన్నాయి, ఆవిరి చక్రాన్ని తిప్పింది, చక్రం పడవని తోసింది. కూఁ...! మీరూ అనండి, కూఁ! సింహాద్రి భుజం మీది తాడు జారి కింద పడింది. మాచరమ్మ దిగేలోపే పడవ కదిలిపోయింది. నురగ నెత్తితోనే కాకినాడ ప్రయాణం!

లాకుకి ఇవతలే గవరయ్య కనిపించాడు. గాలి లేదు, వాడు వగరుస్తున్నాడు. చొక్కా లేని వాడి భుజం మీద కూడా అదే కాయ. మంగాయమ్మ చూసింది, మాచరమ్మా ఒక కన్ను తెరిచి చూసింది. కోడలికంటే ముందు అత్తే అరిచింది. "ఒరేయ్ గవరయ్యా, ఏం చచ్చిపోతావురా అలాగా! ఆ తాడిటు పారెయ్, నిన్నూ లాక్కుపోతాం!"

అలా దయ్యం పడవ ముందు, తాడు పడవ వెనక, రెండూ ఒకే లాకులోంచి దాటాయి. కాకినాడలో దిగీ దిగగానే మాచరమ్మ, "ఓ చెంబు వేణ్ణీళ్ళు తేవే తల్లీ, కళ్ళు మండిపోతున్నాయి" అంది. అంత ప్రేమగా కోడల్ని ఎన్నడూ పిలవలేదు.

ఆ తరవాత ఆ పడవ ఎన్నో ఏళ్ళు తిరిగింది. కొబ్బరికాయలు, బెల్లం, ఉప్పు, పెంకులు, ఒకసారి పెళ్ళివారు, ఒకసారి దున్నపోతు. సరుకు దింపేదాకా కుళాయి ముట్టకూడదని సాయిబు కట్టడి. సింహాద్రి భుజం మీది కాయ మెత్తబడి మెత్తబడి, ఒకనాడు మంగాయమ్మ ఆముదం రాయబోతే చేతికి తగల్లేదు.

అందుకేనర్రా, ఇచ్చేవాళ్ళ కడుపులో ఎంతుందో చూసుకుని పుచ్చుకోవాలి, వాళ్ళకి అవసరమొస్తే పరిగెత్తాలి. కథ కంచికి పోయింది, పడవ కాకినాడకి పోయింది, ఇక మీరు దుప్పట్లోకి పొండి.