పని లేనివాళ్ల సభ

ఒక ఆడమనిషి కుడిచెయ్యి భుజం దాకా లేవడం లేదనుకోండి. ఆ చెయ్యి ఏ పనిలో అరిగిపోయిందో చెప్పాల్సింది ఎవరు? ఆమెనా, ఆమె మొగుడా?

నవ్వకండి. పట్టుగూడెంలో ఒక చదువుకున్నవాడు దీనికి తప్పు జవాబు రాశాడు. నీలం సిరాతో, గళ్లు గీసిన కాయితాల మీద, కొట్టివేతలు లేకుండా మరీ రాశాడు.

అతని పేరు రాపోలు దయాకర్. పట్టుగూడెం చీరలు నేసే ఊరు. నూట ముప్పై ఎనిమిది ఇళ్లు, ఇంటింటా గుంటమగ్గం. దయాకర్ అక్కడ పుట్టి పెరిగినవాడే. పట్నంలో సమాజశాస్త్రం ఎం.ఏ. చదివి వచ్చాడు. నేతపని చేసేవాళ్లకు పెద్దాసుపత్రిలో ఉచితంగా వైద్యం చేసే కార్డులు ఇస్తారని తెలిసి, ఊరి నేత సంఘం జాబితా రాసే పని అతనికి అప్పజెప్పింది. శుక్రవారానికి ఆ జాబితా పైకి వెళ్లాలి.

అతను ఒక్క ఇల్లు వదల్లేదు. ఒక్క ప్రశ్న మార్చి అడగలేదు. తనకు అనిపించింది రాయకూడదు, విన్నదే రాయాలి అన్నది అతను నేర్చుకున్న మొదటి పాఠం. దాన్ని అక్షరాలా పాటించాడు. పైగా జాబితా చివర ఒక కొత్త సంగతి కనిపెట్టి రాశాడు. ఊరి ఆడవాళ్లలో నేతపని చేసేది పదకొండు మందే, ఆ పదకొండు మందీ భర్త పోయినవాళ్లే. కాబట్టి భర్తను పోగొట్టుకున్నప్పుడే ఇక్కడి స్త్రీలు పనిలోకి వస్తున్నారు. ఈ వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాడు. పట్నంలో తన ప్రొఫెసర్‌కు చూపించాలనుకున్నాడు.

మంగళవారం పొద్దున కళమ్మ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. కుడిచెయ్యి పొట్టకు ఆనించుకుని, ఎడమచేత్తో పట్టుకుని వచ్చింది.

ఆమె ఆసు పోసే మనిషి. నేతగాళ్ల ఊళ్లు ఎరగనివాళ్లకు చెప్తాను. ఈ చీరల మీద బొమ్మ పడాలంటే, నేయకముందే దారాన్ని ఒక చెక్క చట్రానికి ఉన్న మేకుల మీదుగా లాగాలి. ఇటు మేకు నుంచి అటు మేకుకు, మళ్లీ ఇటుకు. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు చాపాలి. అదీ ఆసు. ఊళ్లో దాన్ని పోసేది ఆడవాళ్లే. కళమ్మ ఇరవై ఆరేళ్లు పోసింది. నాలుగు నెలల కింద భుజం పట్టేసి చెయ్యి ఆగిపోయింది.

తన పేరు జాబితాలో ఉందా అని అడిగింది. దయాకర్ వెతికి, లేదన్నాడు. ఇంటికి వచ్చినప్పుడు నీ భర్త నీకు పని లేదని చెప్పాడు, నేను అదే రాశాను అన్నాడు. మరి ఎవరి పేర్లున్నాయని ఆమె అడిగితే పదకొండు మందివీ చదివాడు.

ఆమె అవన్నీ విని, జారిన కుడిచెయ్యి మళ్లీ పొట్టకు ఆనించుకుంది.

"అయితే కార్డు కోసం మా ఆయనను సంపుకొని రావాల్నా బిడ్డా?"

దయాకర్‌కు కోపం వచ్చింది. వచ్చి అడిగినవాళ్ల కోసమల్లా జవాబు మారుస్తూ పోతే దాన్ని సర్వే అనరు, సిఫార్సు అంటారు అని చెప్పి ఆమెను పంపేశాడు. తన మాట ధర్మమేనని ఎవరి చేతైనా అనిపించుకోవాలనిపించి, కాయితాల కట్ట పట్టుకుని గురువు దగ్గరికి నడిచాడు.

గురువు మార్కండయ్యకు మఠం లేదు, కాషాయం లేదు. పగలు మగ్గం గుంటలో కూర్చుని నేస్తాడు, సాయంత్రం నలుగురు చేరితే అచలబోధ అనే తత్వం చెప్తాడు. దయాకర్ పదహారో ఏట ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నాడు.

గురువు మగ్గం ఆపి అంతా విన్నాడు. కళమ్మ గురించి మంచీ చెడ్డా ఏమీ అనలేదు. తన ఇంటి కాయితం తీసి చదవమన్నాడు.

దయాకర్ తీశాడు. మార్కండయ్య, డెబ్బై రెండు, నేతపని. భార్య అండాలు, అరవై ఆరు, పని లేదు.

"ఎవరు చెప్పిన్రు?"

"మీరే చెప్పిన్రు గురువుగారూ."

వెనక గదిలో అండాలమ్మ ఆసు పోస్తోంది. అప్పటిదాకా ఆమె గాజుల చప్పుడు ఒకే వరసలో వినిపిస్తూ ఉంది. అది ఒక్కసారి ఆగింది. మళ్లీ మొదలైంది.

మార్కండయ్య వెనక గది వైపు చూశాడు. తర్వాత, ఆసు పోయడాన్ని ఏమని రాశావని అడిగాడు. దయాకర్ తడుముకోకుండా చెప్పాడు. మగ్గం మీద కూర్చునేది పని. ఇంట్లోవాళ్లు చేసిపెట్టేది పనికి సాయం. ఏదో ఒక నిర్వచనం పెట్టుకోకపోతే లెక్క తేలదు.

చూశారా, ఎంత బాగుందో. వండి, కడిగి, పిల్లలను సాకి, ఆ పైన రోజుకు ఇన్ని వేలసార్లు చెయ్యి చాపితే, అది సాయం.

గురువు వాదించలేదు.

"నీ కాయితంల పని లేనోళ్లు ఎంతమంది?"

"నూట యాభై రెండు మంది."

"మంచిది. రేపు తొమ్మిదింటికి అందర్నీ సంఘం హాలుకు పిలువు. మాపటి దాక ఊరికె కూసోవాలె. పని లేనోళ్లే గద, వస్తరు."

దయాకర్‌కు ఇది పరీక్షలా అనిపించలేదు. తన లెక్కను గురువు నమ్మాడనే అనుకున్నాడు. బుధవారం పొద్దున్నే హాలులో చాపలు పరిపించి, ఇంటింటికీ బయల్దేరాడు.

మొదటి ఇంట్లో ఇంటాయన అడ్డం వచ్చాడు. తన భార్య అక్కడ కూర్చోవడానికి పోతే దారం కండెలు ఎవరు చుడతారు, సాయంత్రానికి మగ్గం మీంచి చీర దించాలి కదా అన్నాడు. వారం కింద ఇదే మనిషి, ఇదే అరుగు మీద, ఇదే చొక్కాతో నిలబడి, దానికేం పని, వండుకుంటూ తింటూ ఉంటది అన్నాడు. దయాకర్ దాన్నే "పని లేదు" అని కుదించి రాసుకున్నాడు.

రెండో ఇంట్లో ఒకామె మోచేతుల దాకా ఎర్రరంగులో ఉంది. ఊరికే కూర్చోవాలని చెప్తే ఆమెకు మొదట అర్థం కాలేదు.

"ఎంతసేపు కూసోవాలె? పెండ్లయి పందొమ్మిదేండ్లాయె, ఎట్ల కూసుంటరో మర్సిపోయిన. నువ్వొచ్చి కూసో జెర, సూసి నేర్సుకుంట."

తర్వాతి ఇంట్లో అత్తా ఇద్దరు కోడళ్లూ దారానికి చిటికి కడుతున్నారు. రంగు ఎక్కకూడని చోటల్లా రబ్బరు ముక్కతో బిగించి కట్టడం ఆ పని. ముగ్గురి పళ్ల మధ్యా రబ్బరు ముక్కలు. పెద్ద కోడలు తన నోట్లోది తీసి, మాకు పని లేదని రాసుకున్న కాయితం అదేనా అని అడిగింది. అదేనన్నాడు.

"అయితే దాన్నే ఈడ కూసోవెట్టి పో తమ్మీ. మేం వస్తం, అది చిటికి కడ్తది."

అత్త నవ్వి నవ్వి దగ్గింది. దయాకర్ నవ్వలేకపోయాడు.

ఆ తర్వాత వీధి వీధంతా ఇదే. కొందరు తిట్టారు. కొందరు జాలిపడి మంచినీళ్లు ఇచ్చారు. పదో ఇంటికి వచ్చేసరికి అతని గొంతు తగ్గింది, ఇరవయ్యో ఇంట్లో పిలుపు ఒక్క ముక్కలో చెప్పి బయటపడ్డాడు. మాట కూడా అతనికంటే ముందే పరిగెత్తింది. ఎదురింటి ఆడవాళ్లు కిటికీల్లోంచే, మాకు తీరదు పో అని చెప్పేస్తున్నారు.

చివరికి తన ఇల్లు. ఆ ఇంటి కాయితం దయాకర్ ఎవరినీ అడగకుండా, మంచం మీద కూర్చుని తానే నింపాడు. తన ఇల్లు తనకు తెలియదా అనుకున్నాడు. తల్లి ఆసు ముందు ఉంది. పిలుపు విన్నది. ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకు పని లేదని ఎవరు చెప్పిన్రు కొడుకా?"

చెప్పడానికి అతని దగ్గర పేరు లేదు. ఆమె తల తిప్పి చూడలేదు. పొద్దటి సంది నువ్వేమీ తినలేదు, గిన్నెలో అన్నం ఉంది, పెట్టుకు తినమంది.

అతను తినలేదు. హాలుకు వెళ్లాడు.

తొమ్మిది దాటింది. నూట యాభై రెండు మందికి పరిచిన చాపల మీద ఒక్క మనిషే కూర్చుని ఉంది. కళమ్మ. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉంది.

దయాకర్ గుమ్మం దగ్గరే ఆగాడు. ఆమే చెప్పింది.

"పని లేనోళ్లు రావాలన్నవట గద బిడ్డా. ఊర్ల పని లేనిదాన్ని నేనొక్కదాన్నే. నాలుగు నెలల సంది."

మార్కండయ్య అప్పుడు వచ్చాడు. ఖాళీ చాపలు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూశాడు. కళమ్మకు దండం పెట్టి, ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. జాబితా చివరి వాక్యం చదవమని శిష్యుడికి చెప్పాడు, రెండు గీతలు గీసుకున్న వాక్యం. దయాకర్ చదివాడు. ఆ హాలులో ఆ వాక్యం పెద్దగా వినిపించింది.

"మొగుడు సచ్చినంకనే చెయ్యి కదులుతదా నాయినా? ఆ పదకొండు ఇండ్లల్ల నీకు జవాబు చెప్పింది ఎవరు?"

"ఆ ఆడోళ్లే."

"కడమ ఇండ్లల్ల?"

కాయితాల్లో ఆ గడి లేదు. ఎవరి గురించి అడిగాడో ఉంది, ఏం చేస్తారో ఉంది, వయసుంది, చదువుంది. ఎవరు చెప్పారో రాయడానికి చోటే పెట్టుకోలేదు. అయినా మొహాలు గుర్తున్నాయి. దయాకర్ ఒక్కో కాయితం తిప్పుతూ, ఒక్కో గుమ్మం గుర్తు తెచ్చుకుంటూ పోయాడు. భర్త. భర్త. కొడుకు. మామ. భర్త. మరిది. సగం కట్ట కూడా తిప్పకముందే అతని చేతులు ఆగిపోయాయి.

ఆ పదకొండు ఇళ్లలో అడ్డం వచ్చి జవాబు చెప్పే మగవాడు లేడు. అంతే. అతను అంత గొప్పగా కనిపెట్టింది అదీ.

గురువు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది దయాకర్‌కు. నాకూ అనిపిస్తుంది. కానీ ఆయన లేచి, తెల్ల కాయితాలు తెచ్చుకొమ్మని చెప్పి, తన ఇంటి వైపు నడిచాడు. ఈసారి ముందు నా ఇల్లే అన్నాడు.

గడప దగ్గరికి రాగానే అలవాటుగా ఆయనే ముందు ఎక్కాడు. ఎక్కి, గుమ్మం నిండా నిలబడి, ఒక్క క్షణం ఆగాడు. తర్వాత దిగాడు. వీధిలోకి వచ్చి ఎండలో, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"జరిగిన. ఇప్పుడు అడుగు."

లోపల అండాలమ్మ ఆసు ముందు ఉంది. దయాకర్ ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అమ్మా, మీరేం పని చేస్తరు అని అడిగాడు. యాభై ఏళ్ల కాపురంలో ఆ ఇంటికి ఎన్ని లెక్కలవాళ్లు రాలేదు, ఎన్ని కాయితాలు నింపుకుపోలేదు. ఆ ప్రశ్న ఆమెను అడిగింది అదే మొదలు.

ఆమె చెయ్యి దించింది.

"ఎప్పటి సంది చెప్పాలె?"

గంటన్నర చెప్పింది. అతను నాలుగు కాయితాలు రాశాడు. బయట ఎండలో నిలబడిన మనిషి నీడలోకి జరగలేదు, తిరిగి చూడలేదు. వీధిన పోయే మగవాళ్లు, ఏంది గురువా గిట్ల నిలబడ్డవని అడిగితే, మా ఇంట్ల పనిచేసే మనిషి మాట్లాడుతున్నదని చెప్పాడు.

బుధవారం మిగిలిన పగలూ, గురువారం పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా దయాకర్ మళ్లీ ఊరంతా తిరిగాడు. ఈసారి మగవాళ్లను లేచి కాసేపు వీధిలోకి వెళ్లమన్నాడు. కొందరు గొణిగారు. గురువే నిలబడ్డాడు, నీకేం రోగమని ఇంట్లోంచి వినపడితే వెళ్లారు. ప్రతి కాయితం మీదా కొత్తగా ఒక గడి గీశాడు. చెప్పినవారు ఎవరు.

శుక్రవారం జాబితా పైకి వెళ్లింది. కళమ్మ, నేతపని, ఆసు, ఇరవై ఆరేళ్లు, చెప్పినది కళమ్మ. కార్డు రావడానికి మూడు నెలలు పడుతుందట. ఆ భుజం మూడు నెలలు ఆగుతుందో లేదో నాకు తెలియదు. ఇంతకుముందు వచ్చిన లెక్కలవాళ్లలో ఒక్కడైనా ఆమెనే అడిగి రాసి ఉంటే ఇప్పుడు ఆగాల్సిన అవసరమే ఉండేది కాదని పిచ్చికోపం మాత్రం వస్తుంది.

మీకూ వస్తోందా? అయితే ఇక్కడ చప్పట్లు కొట్టి లేచిపోకండి. ఇవాళే మీ ఇంట్లో ఉన్న కాయితాలు బయటికి తీయండి. రేషన్ కార్డు దరఖాస్తు, బడిలో ఇచ్చిన ఫారం, ఏదైనా సరే. అమ్మ పేరు ఎదురుగా ఏం రాసి ఉందో ఆమెకు చదివి వినిపించండి. నిజమేనా అని అడగండి. కాదంటే కొట్టేసి, ఆమె చెప్పింది రాయండి.