గంతల కింది సందు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు సాలూరు దర్జీ గౌరీసు. మొహిద్దీన్ సాహెబు ఆటలో కళ్ళకు కట్టుకునే ఆ నల్ల గంతలు కుట్టిందే అతను. కాబట్టి అతని మాటే నాకు సాక్ష్యం, మరెవరిదీ కాదు.

దాలినాయుడు సత్రం గదిలో తలుపు గడియ వేసుకుని కూర్చున్నాడు. బయట అరుగు మీద ఒక ముసలమ్మ, పక్కన బట్టల మూట. తెల్లారినప్పటినుంచీ కదలటం లేదు.

"ఏ టేసన్లో దిగాలో సెప్పు బాబూ, ఎల్లిపోతాను" అని ఒకటే పిలుపు.

దాలినాయుడు ఎనిమిదేళ్ళు మొహిద్దీన్ సాహెబు దగ్గర మనసు చదివే విద్య నేర్చాడు. ఆటకొచ్చిన జనం మనసులోది చీటీ మీద రాసి, మడిచి ఇస్తారు. కళ్ళకు గంతలు కట్టుకున్న సాహెబు చీటీ విప్పి పట్టుకుని, పువ్వు పేరైతే పువ్వు పేరు, అంకె అయితే అంకె చెప్పేవాడు. మనిషి బతుకు గురించి అడిగిన చీటీ వస్తే మాత్రం తిరిగిచ్చేసేవాడు.

"ఇది నాకు అందలేదు" అనేవాడు.

జనం ఈలలు వేసేవాళ్ళు. సాహెబుకు ఆ ఈలలు పట్టేవి కావు. దాలినాయుడికి గుచ్చుకునేవి. ఉస్తాదుకు చాతకాదు, నేనైతే చెప్పి చూపిస్తాననుకునేవాడు.

సాలూరులో సాహెబుకు జ్వరం తగిలింది. ఆట మొదటిసారి శిష్యుడి చేతికొచ్చింది. సన్యాసమ్మ అనే ఈ ముసలమ్మ ఎవరిచేతో చీటీ రాయించి ఇచ్చింది. "మూడేళ్ళ కిందట పోట్లాడి పోయిన నా కొడుకు ఎక్కడున్నాడు?" అని.

దాలినాయుడు కాసేపు ఊపిరి బిగబట్టి, "ఉన్నాడమ్మా. ఉత్తరాన ఉన్నాడు. రైలుపట్టాలు, పక్కన నీళ్ళు కనబడుతున్నాయి" అన్నాడు.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ఇప్పుడు ఆమె రైలెక్కడానికి వచ్చేసింది.

"బయటికి పోవేంరా?" మంచం మీంచి సాహెబు అడిగాడు.

"ఏం చెప్పమంటారు ఉస్తాద్? మేకను పక్కింట్లో అప్పగించి, ఇంటికి తాళమేసి వచ్చిందట."

"నువ్వు చూసిందే చెప్పు."

దాలినాయుడు గడియ తియ్యలేదు.

సాహెబు దుప్పటి తోసి లేచాడు. గంతలూ, ఒక చీటీ పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాడు.

"అమ్మా, వీడికేమీ కనబడలేదు. ఊరికే అనేశాడు. ఇంటికి పో."

సన్యాసమ్మ భగ్గుమంది. "నీకందకపోతే ఇంకెవరికీ అందదేటి సాయిబూ? సిస్యుడు మించిపోయాడని కడుపుమంటా?"

సాహెబు ఆమె పక్కనే చతికిలబడ్డాడు. "అయితే నువ్వే చూడు" అని గంతలు ఆమె కళ్ళకు కట్టబోయాడు.

దాలినాయుడు పరుగెత్తుకొచ్చాడు. "ఉస్తాద్, వద్దు! ఊరంతా తెలిసిపోద్ది. ఇంక మన ఆట ఎవడు చూస్తాడు?"

"నువ్వుండరా."

ముడి బిగించి, చీటీ విప్పి ఆమె ఒళ్ళో పెట్టాడు. "తల ఎత్తకు. ముక్కు పక్కనుంచి కిందికి చూడు. ఏం కనబడుతోంది?"

"ఓలమ్మ! సీటీ. నీ సెయ్యి. నా మూట."

"ఇంకా?"

"అంతే."

"రైలుపట్టాలు?"

గంతల కిందనుంచి నీళ్ళు చీటీ మీద పడ్డాయి. ముడి తానే విప్పుకుంది.

"అయితే నా గుంటడు లేడా?"

"ఉన్నాడో లేడో మాకు తెలీదమ్మా. వీడికీ తెలీదు, నాకూ తెలీదు."

"మేక అరుస్తుంటది" అంటూ లేచింది.

మూట దాలినాయుడు ఎత్తుకున్నాడు. ఆమెను వాళ్ళ ఊరి బస్సు ఎక్కించేదాకా మోశాడు. వద్దనలేదు ఆమె.

తిరిగొచ్చేసరికి సాహెబు ట్రంకుపెట్టె సర్దుతున్నాడు. ఆ ఊళ్ళో ఇక ఆట లేదు.

"నలభై ఏళ్ళ గుట్టు ఇచ్చేశారు ఉస్తాద్" అన్నాడు దాలినాయుడు.

సాహెబు గంతలు మడిచి అతని చేతిలో పెట్టాడు.

"ఇవి కట్టుకుంటే చీటీ కనబడుద్దిరా. ఇచ్చినవాళ్ళ మొహం కనబడదు."

ఒక నాటక సమాజం వాళ్ళు వేసిన పుస్తకంలో, సాహెబు ముసలితనంలో పట్టు తప్పి, చీటీలు చదవలేక ఆట మానేశాడని అచ్చయింది. అది రాసిన పెద్దమనిషి ఆ అరుగు ఛాయలకైనా రాలేదు. నేనది మరిచిపోను. నాకొచ్చింది కూడబలుక్కునే చదువే. అక్షరం బాగా వచ్చినవాళ్ళెవరైనా ఆ వాక్యం కొట్టించి, గౌరీసు చెప్పింది చెప్పినట్టు రాయించండి.