ముళ్ళు లేని గడియారం

నిడదవోలు బస్టాండు వెనక వీధిలో, పెళ్ళాం పేరు పరాయివాళ్ళ నోట వింటే ఒళ్ళు మండిపోయే చలపతి అనే గిఫ్టు షాపు యజమాని ఉండేవాడు.

షాపు పేరు రాజరాజేశ్వరి హోం డెకార్ అండ్ గిఫ్ట్స్. చలపతి తండ్రి పెట్టింది. బోర్డు మీద పేరు అమ్మవారిది, గల్లాపెట్టె దగ్గర కుర్చీ అయ్యవారిది. తండ్రి పోయాక ఆ కుర్చీలో చలపతి కూర్చున్నాడు. అతని భార్య హైమవతి పెళ్ళయినప్పటి నుంచీ అదే షాపులో నిలబడి ఉండేది.

గోడ గడియారాలు, పూలకుండీలు, ఇత్తడి దీపాలు, ఫొటో ఫ్రేములు, బొజ్జ నవ్వుల బుద్ధుళ్ళు, అన్నీ చలపతే విజయవాడ వెళ్ళి తెచ్చేవాడు. అయినా వచ్చినవాళ్ళు మెట్టు మీద కాలు పెడుతూనే, "హైమ గారు లేరా?" అనేవాళ్ళు.

"నేనున్నాను కదండీ. ఏం కావాలో చెప్పండి."

"పర్లేదు లెండి. ఆవిడొచ్చాక వస్తాం."

ఆ మాట అతనికి చెప్పులో రాయిలా గుచ్చుకునేది. షాపు నాది, సరుకు నాది, పేరు మాత్రం ఆవిడదా అని కుమిలిపోయేవాడు.

తేడా ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు. ఎవరొచ్చినా చలపతి మొదట అడిగేది "ఎంతలో చూపించమంటారు?" అని. హైమ మొదట అడిగేది "ఎవరికండీ?" అని.

ఒకసారి ఒక అమ్మాయి పూలకుండీ కావాలని వచ్చింది.

"ఎవరికమ్మా?" అంది హైమ.

"మా ఆడపడుచుకండీ. కొత్తగా వేరు కాపురం పెట్టారు."

"ఇల్లెలా ఉంటుంది?"

"రెండు గదులండీ. పగలు కూడా లైటు వేసుకోవాలి."

"చీకటింట్లో పూలకుండీ ఎవరికి కనబడుతుంది? ఈ అద్దం తీసుకెళ్ళు. కిటికీకి ఎదురుగోడకి తగిలించమను. ఇంటికి వెలుగొస్తుంది."

వారం తిరక్కుండా ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి ఆడపడుచునీ, ఆడపడుచు పక్కింటావిడనీ వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురూ గుమ్మంలోనే, "హైమ గారు లేరా?" అన్నారు.

ఆ పూట భోజనాల దగ్గర చలపతి కంచంలో చెయ్యి కడిగేసినంత పని చేశాడు. "వ్యాపారం కబుర్లతో నడవదు, తెలుసా?" అన్నాడు.

"మరి దేంతో నడుస్తోందండీ?" అంది హైమ, మజ్జిగ పోస్తూ.

చలపతి తల్లి అనసూయమ్మకి నవ్వొచ్చి పొలమారింది. తల్లి నవ్వు అతనికి ఇంకా మండింది.

మర్నాడు చలపతి, "రేపట్నుంచి నువ్వు వెనక గదిలో ప్యాకింగు చూసుకో. ముందర నేను చూసుకుంటాను," అన్నాడు.

"సరే. అక్కడ ఫ్యానయినా ఉంది," అంది హైమ.

మనిషిని కనబడకుండా చేస్తే పేరు కూడా కనబడకుండా పోతుందని చలపతి అనుకున్నాడు. ఆడవాళ్ళని వెనక గదిలోకి నెట్టినవాళ్ళందరూ అలాగే అనుకుంటారు. వెనక గదిలో కూడా చేతులు పని చేస్తాయని వాళ్ళకి తోచదు.

హైమ మల్లెమాల కట్టే ముడిని రిబ్బనుకి మార్చి వేసింది. పొట్లానికి ఒక్క ముక్క టేపు కూడా అంటించేది కాదు. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే కాగితం చిరగకుండా పొట్లం పువ్వులా విచ్చుకునేది. పెళ్ళిళ్ళలో ఆ పొట్లం విప్పడానికి పిల్లలు పోటీలు పడేవాళ్ళు. దాంతో ఊళ్ళో ఆ ముడికి పేరొచ్చింది. ఏం పేరు? హైమ ముడి.

"చలపతి గారూ, దీనికి హైమ ముడి వేయించండి."

ఇదివరకు మనిషిని అడిగేవాళ్ళు, ఇప్పుడు ముడిని కూడా ఆవిడ పేరుతోనే అడుగుతున్నారు. ఎవరూ చూడకుండా చలపతి తనూ వేసి చూశాడు. రిబ్బను జారింది, కాగితం చిరిగింది. చివరికి టేపు రోలు తీసి చుట్టూ చుట్టేశాడు. ఆ పొట్లం కట్లు కట్టిన మోకాలిలా కనిపించింది. కాలితో తన్నాడు.

ఇలా ఉండగా వర్తక సంఘం అధ్యక్షుడు కొండలరావు షాపుకి వచ్చాడు. రైసు మిల్లు వీర్రాజు గారి గృహప్రవేశానికి సంఘం తరఫున కానుక కావాలన్నాడు. నెమలి బొమ్మ ఉన్న పెద్ద గోడ గడియారం ఎంచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "వీర్రాజు గారు మా కమిటీలో పెద్దమనిషి. ఆయనకి నచ్చితే సంఘం కొత్త హాలు అలంకరణ మొత్తం హైమ గారికే అప్పగిద్దామనుకుంటున్నామండీ. ఆవిడ పేరు మీదే," అన్నాడు.

ఆవిడ పేరు మీదే! చలపతికి మంచినీళ్ళు కూడా చేదుగా అనిపించాయి.

హైమకి మాత్రం ఆ మాట వినగానే కళ్ళు మెరిశాయి. ఆ రోజంతా పాత కాగితాల మీద హాలు గోడలు గీసుకుంటూ కూర్చుంది. "ఏమండీ, వేదిక వెనక కలంకారీ తెర వేస్తే ఎలా ఉంటుందంటారు?" అని అతన్నే అడిగింది. చలపతి "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" వెనక ఏముందో ఆమెకి తెలియదు.

మర్నాడు హైమ గడియారాన్ని ముచ్చటగా కట్టి, ముడి వేసి, భోజనానికి ఇంటికి వెళ్ళింది. షాపులో చలపతి ఒక్కడే ఉన్నాడు. లారీలో వస్తూ పగిలిన ఇంకో నెమలి గడియారం మూలన పడి ఉంది. నెమలికి మెడ లేదు. అద్దం పగిలింది. ముళ్ళు రెండూ ఊడి పెట్టెలో గలగలమంటున్నాయి.

చలపతి ముడి కొస పట్టుకుని లాగాడు. పొట్లం విచ్చుకుంది. మంచి గడియారాన్ని అటక మీద పాత అట్టపెట్టెల వెనక్కి తోశాడు. పగిలినదాన్ని లోపల పెట్టాడు. మళ్ళీ ముడి వేయబోతే రాలేదు. టేపు రోలు సగం ఖాళీ చేశాడు. పైన రిబ్బను ఒకటి చుట్టి సంచీలో పడేశాడు.

కొండలరావు హడావుడిగా వచ్చాడు. "ప్యాకింగు హైమ గారిదే కదండీ?"

"హైమదేనండీ! స్వయంగా హైమే కట్టింది," అన్నాడు చలపతి.

భార్య పేరు అతను సంతోషంగా పలకడం అదే మొదటిసారి.

ఇంక ఎదురుచూపులు మొదలయ్యాయి. వీర్రాజు మండిపడుతూ వస్తాడు. "ఆడమనిషి కదండీ, పొరపాటు పడింది, పోనివ్వండి," అని తను పెద్దమనసుతో సర్దిచెబుతాడు. ఆ మాట అద్దం ముందు రెండుమూడుసార్లు అనుకుని చూసుకున్నాడు కూడా.

వీర్రాజు వచ్చాడు. నేరుగా వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్ళి, "హైమమ్మా, నీ గిఫ్టు బ్రహ్మాండం! వచ్చినవాళ్ళంతా ఒకటే మెచ్చుకోవడం. హాలు పని నువ్వే చెయ్యాలి," అన్నాడు.

చలపతి బుర్ర గోక్కున్నాడు. మెడ లేని నెమలి అంత బాగుందా?

పాపం, గిఫ్టు షాపు వాడై ఉండి అతను గిఫ్టుల సంగతే మరిచిపోయాడు. మన ఊళ్ళలో గృహప్రవేశానికి వచ్చిన కానుకలు ఎవరు విప్పుతారు? బీరువా మీదకి ఎక్కిస్తారు. ఇంకో ఇంట్లో శుభకార్యం రాగానే దించి, దుమ్ము దులిపి, పేరు కాగితం మార్చి పట్టుకెళతారు. ఈ సంగతి చెప్పి రోజూ నవ్వే చలపతికి, అసూయతో కళ్ళు మూసుకుపోయి, అవసరమైన రోజున గుర్తు రాలేదు.

హైమ హాలు పని మొదలుపెట్టింది. వేదిక వెనక కలంకారీ తెర వేసింది. గోడలకి ఏటికొప్పాక లక్కబొమ్మలతో తోరణాలు అల్లింది. ముసలివాళ్ళు కూర్చునే వైపు వెలుతురు ఎక్కువగా పడేట్టు దీపాలు పెట్టింది. ఎవరికి అని ఆలోచించి చేసిన పని అది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళందరి మీదా చలపతికి కోపం వచ్చింది.

హాలు ప్రారంభం రోజున సభ పెట్టారు. హైమ చేతిలో ఒక పూలగుత్తి పెట్టారు. ఆ తరవాత కొండలరావు మైకులో గొంతు సవరించుకుని, "హైమ గారిని ఇంతటివారిని చేసి, వెనకుండి నడిపించిన మహానుభావుడు, ఆమె భర్త చలపతి గారిని శాలువాతో సత్కరించుకుందాం!" అన్నాడు. పని చేసినావిడకి పూలగుత్తి, పక్కన నిలబడ్డాయనకి శాలువా. మన సభామర్యాద అది.

చలపతి ఛాతీ ఉబ్బింది. ఇన్నాళ్ళకి తన పేరు మైకులో వినబడింది. శాలువా కప్పాక ఒక పొట్లం కూడా చేతిలో పెట్టారు. అందులోంచి గలగలమని చప్పుడు వచ్చింది.

చలపతి కిందికి చూశాడు. పైన రిబ్బను. రిబ్బను కింద టేపు. టేపు మీద టేపు.

"విప్పండి చలపతి గారూ!" అన్నారు జనం.

"ఇంటికెళ్ళి చూసుకుంటా లెండి."

"ఇక్కడే విప్పాలి! హైమ ముడి కదా, ఒక్క లాగు చాలు!"

ఒక్క లాగుకి రాలేదు. పది లాగులకీ రాలేదు. ఎవరో కత్తెర తెచ్చారు. కాగితం ఊడి పెట్టె తెరుచుకునేసరికి ముళ్ళు రెండూ టంగుమని నేల మీద పడ్డాయి. మెడ లేని నెమలి జనం వైపు చూసింది.

కొండలరావు ముఖం ఎర్రబడింది. "నాకేం తెలుసండీ? ఆఖరు నిమిషంలో ఆయనకి కూడా ఏదైనా ఇవ్వాలనిపించి ఇంట్లోంచి తెచ్చాను. నా షష్టిపూర్తికి పళ్ళ డాక్టరు గారు ఇచ్చింది," అన్నాడు.

ముందు వరసలో ఉన్న పళ్ళ డాక్టరు లేచాడు. "నేనూ విప్పలేదండీ. మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకి వీర్రాజు గారు ఇచ్చారు."

వీర్రాజు నీళ్ళు నమిలాడు. "నా గృహప్రవేశానికి... సంఘమే ఇచ్చింది."

"వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారన్నారు కదా?" అన్నారు వెనక నుంచి ఎవరో. జనం గొల్లుమన్నారు.

పరువు పోతున్న కొండలరావుకి దారి దొరికింది. "కాగితం మీ షాపుదే. కట్టింది హైమ గారే. పగిలిన సరుకు కట్టి ఇవ్వడమేమిటమ్మా?" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. అందరి కళ్ళూ హైమ మీదికి తిరిగాయి.

చలపతి ఎదురుచూసిన క్షణం ఇదే. ఇంత ఆలస్యంగా వచ్చింది. అద్దం ముందు నేర్చుకున్న మాట నాలుక చివర ఉంది. నిజం చెప్పాలన్నా ఒక్క మాట చాలు. రెండింటిలో ఏదీ బయటికి రాలేదు. తన నోటికి కూడా టేపు అంటించినట్టే నిలబడ్డాడు.

హైమ వంగి కాగితం తీసింది. టేపుని వేలితో తడిమింది. తడుముతున్నకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది.

"కొండలరావు గారూ, నేను కట్టిన పొట్లానికి టేపు ఉండదు. ఈ ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు," అంది. తరవాత భర్త వైపు తిరిగింది. "మా షాపులో టేపు లేకుండా పొట్లం కట్టలేని మనిషి ఒక్కరే."

అనసూయమ్మ రెండో వరసలోంచి లేచి నిలబడింది. "ఒరేయ్ చలపతీ! మూడు ముళ్ళు వేసి పెళ్ళాన్ని తెచ్చుకున్న చేతికి ఒక్క రిబ్బను ముడి రాలేదుట్రా? రాకపోతే నేర్పమని అడక్కపోయావా? కడుపుమంటకి టేపు చుడితే ఆరుతుందా?"

జనం నవ్విన నవ్వుకి కలంకారీ తెర కదిలింది. చలపతి భుజాల మీద శాలువా బరువెక్కింది. దాన్ని తీసి మడతపెట్టి హైమ వైపు చాపాడు.

"నాకొద్దు. అది కప్పించుకున్నవాళ్ళకే ఉండనివ్వండి," అని ఆమె మెట్లు దిగింది.

మర్నాడు చలపతి షాపుకి వచ్చేసరికి గల్లాపెట్టె దగ్గర కుర్చీలో హైమ కూర్చుని ఉంది. బల్ల మీద అటక దిగిన మంచి గడియారం, ముడి వేసి సిద్ధంగా ఉంది.

"ఇది వీర్రాజు గారింటికి మీరే పట్టుకెళ్ళండి. ఎందుకు ఆలస్యమైందో మీ నోటితోనే చెప్పండి," అంది.

"హైమా, నేను..."

"నాతో తరవాత చెబుదురు గాని. ముందు ఆయనతో చెప్పి రండి. వచ్చాక వెనక గదిలో కూర్చోండి. అక్కడ ఫ్యాను ఉంది."

చలపతి వెళ్ళాడు, చెప్పాడు, తలవంచుకుని వచ్చాడు. వెనక గది గోడకి మెడ లేని నెమలి గడియారం తగిలించి ఉంది.

"దీనికి ముళ్ళే లేవు కదే!" అన్నాడు.

"మీకు ముడి వచ్చినప్పుడే దానికి ముళ్ళు పెట్టిద్దాం," అంది హైమ ముందు నుంచి.

అతను రిబ్బను తీసుకున్నాడు. అది జారింది. మళ్ళీ తీసుకున్నాడు. మెట్టు మీద ఎవరిదో అడుగు వినబడింది.

"హైమ గారు లేరా?"

చలపతికి చెప్పులో రాయి మళ్ళీ గుచ్చుకుంది. అలవాటు పోవడానికి టైము పడుతుంది. "ఉన్నారండీ, కుర్చీలోనే ఉన్నారు," అన్నాడు. ఆగి, కాస్త గొంతు తగ్గించి, "ఇంతకీ ఎవరికండీ?" అని అడిగాడు.

అసూయతో కట్టిన పొట్లం ఎన్ని ఇళ్ళు తిరిగినా కట్టినవాడి చేతికే వస్తుంది. పెళ్ళాం పేరు చెరపాలని చూసే మగవాడికి మిగిలేది చెడిపోయిన సొంత పేరే.