దస్తగిరి గరిటె

మీలో పిల్లల్ని పెంచినవాళ్లు ఎంతమందో చేతులెత్తి చూపించక్కర్లేదు, మొహాలు చూస్తేనే తెలుస్తోంది. అందుకే ఈ సంగతి మీ ముందు పెడుతున్నాను. పైవాడు నా నోట ఎంత పలికిస్తే అంత.

నల్లమల అంచున ఒక వాగు, ఆ వాగు మలుపులో ఒక మడుగు. దాని గట్టు మీద హుస్సేనయ్య తాత అనే పకీరు ఉండేవాడు. ఆయన దగ్గర దస్తగిరి అని ఒక శిష్యుడు. ఈ దస్తగిరికి ఒక చిక్కు వచ్చిపడింది.

శిష్యుడు కాకముందు వాడు చేపలు పట్టేవాడు. వానలు వెనకబడిన ఒక ఏడు, మడుగు మోకాలి లోతుకు దిగిపోతే, ఆశకొద్దీ నీళ్లలో మందు కలిపాడు. తెల్లారి చూస్తే కొరమీన్లు కడుపులు పైకి తేలి ఉన్నాయి. వాటి పక్కన ఎర్రెర్రటి పిల్లలు, వేలకొద్దీ, నీటి మీద కుంకుమ చల్లినట్టు.

ఆ రోజు నుంచి మడుగులో కొరమీను లేదు. దస్తగిరికి కంటిమీద కునుకు లేదు. వచ్చి తాత కాళ్ల మీద పడ్డాడు.

"ఈ చేతులతోనే చంపినాను తాతా. ఈ చేతులతోనే మళ్లీ నింపుతాను."

తాత సరే అనలేదు. వద్దనీ అనలేదు.

దస్తగిరి ఎక్కడో దూరపు కుంటలోంచి కొరమీన్ల జతను తెచ్చాడు. రాతి తొట్టి కట్టి, నాచు పరిచి, వాటిని వదిలాడు. తొలకరికి అవి గుడ్లు పెట్టాయి. పిల్లలు ఎర్రబడగానే, పెద్ద చేపలు ఎక్కడ మింగుతాయోనని తొట్టి మధ్యన పలక అడ్డం పెట్టాడు. ఇక తల్లీ తానే, తండ్రీ తానే. చెదపురుగులు ఏరుకొచ్చి, వానపాములు తరిగి, ఇనుప గరిటెతో తొట్టి అంచు మీద టక్ టక్ మని కొట్టి మేత వేసేవాడు. ఆ చప్పుడు వింటే చాలు, పిల్లలన్నీ నోళ్లు తెరుచుకుని పైకొచ్చేవి. వాడి నీడ పడినా వచ్చేవి. చూసుకుని మురిసిపోయేవాడు.

వాగు నిండాక వాటిని మడుగులో వదిలాడు. వారం తిరక్కుండా ఒక్కటీ లేదు. మరుసటేడూ అంతే. మందు లేదు, వల లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. మరి ఎటు పోయినట్టు?

తాతకు మజ్జిగ తెచ్చే లాలమ్మ ఊరుకుంటుందా! "ఏమప్పా దస్తగిరీ, నీ బిడ్డలు ఒక్కరూ కనపడరే. పైచదువులకు గానీ పంపినావా?" అంది.

గట్టు మీది వాళ్లు పకపకా నవ్వారు. కొంగలు మాత్రం నవ్వలేదు. ఒంటికాలి మీద, బాగా బలిసి, ఎవరి జోలీ లేనట్టు నిలబడి ఉన్నాయి.

మూడో ఏడు వచ్చింది. తల్లిచేప ముసలిదైపోయింది. ఇదే దాని ఆఖరు కాన్పు. ఈ పిల్లలూ పోతే మడుగు ఖాళీ, వాడి పాపం అట్లాగే మిగిలిపోతుంది. దస్తగిరి తాత ముందు చతికిలబడ్డాడు.

"ఏం తక్కువ చేసినాను తాతా? కడుపున పుట్టినవాటి కంటే ఎక్కువగా చూస్తినే!"

తాత లేచి తొట్టి దగ్గరికి వచ్చాడు. "గరిటె ఇట్లియ్యి."

టక్ టక్ మని కొట్టాడు. పిల్లలన్నీ ఎగబడి వచ్చాయి. తాత రెండు వేళ్లు చాచి, ఒకదాన్ని చటుక్కున పట్టి పక్కనున్న కడవలో వేశాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ వచ్చాయి. మళ్లీ ఒకటి కడవలోకి. అట్లా ఏడుసార్లు. ఏడోసారి కూడా అంతే సంబరంగా వచ్చాయి.

"చూసినావా?"

"చూసినాను తాతా! నీ దగ్గరికి కూడా వస్తాండాయి!" అని దస్తగిరి మొహం చాటంత చేసుకున్నాడు.

తాత గరిటె వాడి చేతిలోనే పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున వాడు గరిటె కొట్టాడు, పిల్లలు పైకొచ్చాయి. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తాత, చేతికర్రతో నీళ్ల మీద ఫెడేలుమని ఒక్క దెబ్బ వేశాడు. పిల్లలు చెల్లాచెదురు. రెండోరోజూ అదే. మూడోరోజు తొట్టి మధ్యనున్న పలక పీకి అవతల పారేశాడు.

"తాతా! పెద్దవి మింగేస్తాయి!"

"కొన్నిటిని మింగుతాయి."

అంతే! కర్ర చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

దస్తగిరికి తల తిరిగిపోయింది. తేలు కనబడితే "పక్కకు జరుగమ్మా" అనే మనిషి, ఈ పసిగుడ్ల మీదికి కర్ర ఎత్తడమేమిటి? పెద్దాయనకు మతి చలించిందా? నా మీద కోపమా? నా పాపానికి దేవుడే ఆయన చేత ఇట్లా చేయిస్తున్నాడా? నమాజుకు నిలబడితే అక్కడా ఆ కర్ర చప్పుడే. ఆగలేక లాలమ్మను అడిగాడు.

"నన్నడిగితే నేనేం చెప్తాను నాయనా? మజ్జిగ చిలకమంటే చిలుకుతాను," అంది ఆమె.

నెల రోజులు ఇదే తంతు. వాడు గరిటె కొట్టడం, తాత కర్ర కొట్టడం. ఒకనాడు నాలుగే పిల్లలు వచ్చాయి. ఇంకోనాడు ఒకటి వచ్చింది, అదీ సగం దూరం వచ్చి వెనక్కి తిరిగింది. మేత మునిగి నాచులో పడ్డాక, వాడు అటు తిరిగాక తింటున్నాయి. అంటే ఆకలి ఉంది. వాడే అక్కర్లేదు.

వాగు నిండింది. కడవలు సిద్ధం చేశారు. లాలమ్మ, మరో నలుగురు గట్టు మీద చేరారు. ఆ పొద్దు తాత చేతిలో కర్ర లేదు.

"గరిటె కొట్టు," అన్నాడు.

దస్తగిరి కొట్టాడు. నీళ్లు కదలలేదు. గట్టిగా కొట్టాడు. కదలలేదు. వంగి, చేయి నీళ్లలో పెట్టి, "రండి నాయనా, నేనే," అన్నాడు. తొట్టి అడుగున, పెద్ద చేపల నీడలో, పిల్లలన్నీ ముద్దగా దగ్గరికి జరిగాయి.

వాడు చేయి వెనక్కి తీసుకున్నాడు. "నన్ను మరిచిపోయినాయి తాతా."

తాత నవ్వాడు. "ఇప్పుడెత్తు కడవ. పెద్దవాటిని కూడా ఎత్తు."

అవతలి ఒడ్డున కొంగ ఒకటి మెడ సాచి నిలబడి ఉంది. దస్తగిరి దాని ముక్కు వైపు చూశాడు. తాత రెండు వేళ్ల వైపు చూశాడు. కొంగ నీడ నీళ్ల మీద పడి ఉంది, తొట్టి మీద తన నీడ పడినట్టే.

తర్వాత గరిటె తీసుకెళ్లి లాలమ్మ చేతిలో పెట్టాడు.

"ఇదెందుకురా నాకు?"

"పప్పు తిప్పుకో అత్తా," అని, కడవ భుజానికెత్తుకున్నాడు.