తెర పట్టిన చేయి

నరహరి మాస్టారికి ఒక అలవాటుంది. నాట్యం గురించి ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "కూర్చో" అంటారు. కూర్చున్నవాళ్ళకు కాఫీ వస్తుంది, ఊళ్ళో కబుర్లు వస్తాయి, జవాబు మాత్రం రాదు. చాలామంది కాఫీ తాగి, అడిగిందేమిటో మరిచిపోయి లేచి వెళ్ళిపోతారు. బందరులో ముప్పయ్యేళ్ళుగా కూచిపూడి నేర్పుతున్న మనిషికి నోరు విప్పడానికి ఇంత బద్ధకమేమిటని వాళ్ళ ఫిర్యాదు.

కుముద మరిచిపోయే రకం కాదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గరే నేర్చుకుంటోంది, అడుగు వేస్తే తాళం తప్పదు. అయినా మూడేళ్ళుగా ప్రతి ప్రదర్శనలోనూ ఆమె పని తెర పట్టుకోవడమే. కూచిపూడి పద్ధతిలో నాయిక ఊరికే నడిచి వచ్చేయదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న తెర వెనక నిలబడి, ముందు జడ చూపించి, తర్వాత పాదం చూపించి, జనాన్ని ఊరించి ఊరించి అప్పుడు ముఖం చూపిస్తుంది. తెర తొలగగానే చప్పట్లు మోగుతాయి. తెర పట్టినవాళ్ళు దాన్ని మడిచి చంకన పెట్టుకుని పక్కకు తప్పుకుంటారు. ఆ చప్పట్లలో తన వాటా ఎంతో కుముదకు బాగా తెలుసు, అందుకే ఆ పనంటే ఒళ్ళు మంట. పోయిన నెల గుడివాడలో తెర వెనక నాయిక వేషంలో ఉన్న రత్నావళి వేస్తున్న అడుగుల్ని తనూ నిలబడ్డచోటే వేసి చూసుకుంటూ, చేతిని జానెడు కిందికి దింపేసింది. రత్నావళి సరిగ్గా అప్పుడే జారిన పాపిటబిళ్ళను సర్దుకుంటోంది. జనం గొల్లున నవ్వారు. జానెడు గుడ్డ దిగితే ఏం కొంప మునిగిందని కుముద అనుకుంది.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఆమె తేల్చుకుందామనే వచ్చింది. బెజవాడలో ఒక బృందం వాళ్ళు నాయిక వేషం ఇస్తామన్నారు. సాయంత్రం ఆరింటిలోగా ఫోను చేసి సరేననాలి. సరేనంటే ఇక మాస్టారి దగ్గరికి రాకూడదు, అది వాళ్ళ షరతు. తీరా ఆయన ఎదుట నిలబడేసరికి ఆ మాట నేరుగా ఎత్తలేకపోయింది. అందుకని చుట్టూ తిప్పి అడిగింది.

"మాస్టారూ, తెర పట్టుకోవడంలో నేర్చుకోవలసింది ఏముందండీ?"

"కూర్చో" అన్నారాయన.

టీవీలో ఏదో చలిదేశపు బ్యాలే మొదలవుతోంది. పాత శిష్యుడొకడు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడట. మాస్టారి భార్య శారదాంబగారు చాప మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. ఆవిడ నాట్యం నేర్చుకోలేదు గాని, నాట్యం చేసేవాళ్ళ మధ్య నలభయ్యేళ్ళు కాపురం చేశారు. కథ మంచు కురిసే అడవిలో దారి తప్పిన ఒక పిల్లది. ఇరవై మంది అమ్మాయిలు తెల్లబట్టల్లో, చేతులు పైకెత్తి, చెట్లయి కదలకుండా నిలబడ్డారు. వాళ్ళ మధ్య నాయిక మునివేళ్ళ మీద తిరుగుతోంది. కెమెరా ఆమెను వదలడం లేదు. కుముద వచ్చిన పని మరిచిపోయింది. ఆమెకు తెలియకుండానే పాదం నేల మీద తాళం వేయసాగింది.

అయిపోయాక మాస్టారు రిమోటు అందుకున్నారు. "ఏం చూశావమ్మాయ్?"

ఆ గెంతడం, గాల్లో ఆ నిలకడ, ఊపిరి తీసుకున్నట్టే కనిపించకపోవడం, అన్నీ కుముద వివరంగా చెప్పుకొచ్చింది. ఆయన విని, భార్య వైపు తిరిగారు. "నువ్వేం చూశావు?"

"నాకేం తెలుసండీ. ఎడమ పక్క మూడో చెట్టు పిల్లను చూస్తూ కూర్చున్నా" అన్నారావిడ, చేతిలో కాయ తుంచుతూనే. "పాపం, కాలిజోడు రిబ్బను ఊడిపోయింది. చేతులు దించితే ఒట్టు. ఆ ఆడే పిల్ల అటు వచ్చేలోగా దాన్ని కాలికింద తొక్కి పట్టేసింది."

కుముద నమ్మలేదు. మాస్టారు వెనక్కి తిప్పారు. సరిగ్గా ఆ చోట కెమెరా నాయిక ముఖానికి దగ్గరగా వెళ్ళిపోయింది, ఏమీ కనిపించలేదు. మళ్ళీ తిప్పి, కాస్త ముందు నుంచి పెట్టారు. మూడోసారికి కనిపించింది. టీవీలో ఒక మూలన ఒక పాదం, నాయిక వచ్చే దారిలో జానెడు పొడుగున పడి ఉన్న రిబ్బను. చెట్టు చెట్టులాగే ఉంది. పాదం మాత్రం మెల్లగా, వేళ్ళతో రిబ్బనును తన వైపు లాక్కుని మడమ కింద అదిమింది. మరుక్షణం నాయిక ఆకాశం వైపు చూస్తూ పరుగున వచ్చి, ఆ చోటే పాదం మోపి గాల్లోకి లేచింది. కెమెరా ఆమెతో పాటే పైకి వెళ్ళిపోయింది.

"ఆ అమ్మాయి పేరేమిటండీ?" అని అడిగింది కుముద.

మాస్టారు చివరి దాకా జరిపారు. చెట్లుగా నిలబడ్డవాళ్ళ పేర్లన్నీ ఒక్క గుంపుగా, చీమల్లాంటి అక్షరాల్లో వచ్చాయి. ఆపి చూశారు. ఇరవై పేర్లున్నాయి, వాటిలో ఆమెది ఏదో తెలిసే దారి లేదు. కుముద ఆ పేర్లు ఒక్కొక్కటే చదివింది. గుడివాడ నుంచి తిరిగి వస్తున్నప్పుడు రత్నావళి బస్సులో దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చోవడం గుర్తొచ్చింది. ఏడ్చిందేమో. ఎందుకలా కూర్చున్నావని తను అడగను కూడా లేదు. ఇప్పుడు సిగ్గుతో ముఖం వేడెక్కింది.

గోడ మీద గడియారం ఐదున్నర కొట్టింది. ఇక దాచి లాభం లేదు.

"మాస్టారూ, బెజవాడ వాళ్ళు నాయిక వేషం ఇస్తామన్నారండీ. ఆరింటిలోగా చెప్పాలి. వెళితే మళ్ళీ మీ దగ్గరికి రాకూడదట."

శారదాంబగారి చేతులు కాయల మీద ఆగాయి. మాస్టారు మాత్రం టీవీ కట్టేసి, పెన్‌డ్రైవ్ ఊడదీసి జేబులో వేసుకున్నారు.

"మంచి వేషం. చెయ్యగలవు కూడా" అన్నారు. అది ఆయన మనస్ఫూర్తిగా అన్న మాటేనని కుముదకు తెలిసింది, అందుకే మరీ కష్టంగా తోచింది. సెలవు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఫోను చేసినప్పుడు ఒక్కటి కనుక్కో అమ్మాయ్. అక్కడ నీకు తెర పట్టేది ఎవరట?"