ఇటుకరాయి వంతు

ఎవరైనా ప్రశ్న అడిగితే మిగతా మాస్టర్లు గొంతు సవరించుకుంటారు. హుస్సేన్ పీరా సారు మాత్రం చెప్పులు తొడుక్కుంటారు. రాజనీతిశాస్త్రంలో ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మనిషికి జవాబులు తెలియక కాదు. కూర్చున్నచోట దొరికిన జవాబు కూర్చున్నచోటే మిగిలిపోతుందని ఆయన నమ్మకం. అందుకే ఆ శాఖలో పరిశోధన చేసే పిల్లలు ఎండాకాలంలో ఆయన్ని పెద్ద ప్రశ్నలు అడగరు.

తిరుపాలు అడిగింది మాత్రం మే నెలలోనే. నాలుగేళ్ళుగా అతను ఒకటే పని మీద ఉన్నాడు. ప్రజాస్వామ్యం గురించి జనం నిజంగా ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం అతని పరిశోధన. నాలుగు ఊళ్ళు, ఆరువందల పన్నెండు మంది, ఒక్కొక్కరికి ముప్పై ఒక్క ప్రశ్నలు. అందులో పద్నాలుగో ప్రశ్న అతని ప్రాణం తీస్తోంది. "ఎన్నికలు, చట్టసభలు అనే గొడవ లేకుండా ఒక గట్టి నాయకుడే దేశాన్ని ఏలితే మంచిదా?" అన్నది ఆ ప్రశ్న. నూటికి అరవై ఒక్కమంది మంచిదే అన్నారు. అతనికి నమ్మకం కుదరక మాటలు మార్చి మళ్ళీ అడిగాడు. ఈసారి అరవై మూడు వచ్చింది. సోమవారానికి సిద్ధాంతగ్రంథం అచ్చుకివ్వాలి. చివరి అధ్యాయం రాసేశాడు కూడా. జనానికి ప్రజాస్వామ్యం అక్కర్లేదని అందులో తేల్చేశాడు. తేల్చిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు.

"మా తాత మొదటిసారి ఓటేయడానికి పోతే దారికాచి చెయ్యి విరగ్గొట్టారు సార్. విరిగిన చేత్తోనే పోయి వేసొచ్చాడు. బతికినన్నాళ్ళూ ఆ చెయ్యి వంకరగానే ఉండింది. ఇప్పుడు అదే మాకొద్దు, ఎవడో ఒకడు ఏలుకోనీ అంటున్నారు. నాకు కోపం కూడా రావడం లేదు, సిగ్గేస్తోంది. నిజంగానే వీళ్ళకి అక్కర్లేదా సార్?"

పీరా సారు ఒక్కటే అడిగారు. "మంచిదని ఎక్కువమంది అన్నది ఎక్కడ?"

"గుట్టకింది కాలనీలో. నూటికి డెబ్బై ఎనిమిది."

సారు చెప్పులు తొడుక్కున్నారు.

గుట్టకింది కాలనీకి నాలుగు రోజులకోసారి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. వచ్చే రోజు తెల్లవారేసరికే రోడ్డు పక్కన వరుస తయారవుతుంది. వరుసలో మనుషులు ఉండరు, వస్తువులు ఉంటాయి. బిందె ఉన్నవాళ్ళు బిందె పెడతారు. ఉన్న ఒక్క బిందె ఇంట్లో వాడకంలో ఉంటే ఇటుకరాయి, తెగిన చెప్పు, చిప్ప, ఏది దొరికితే అది పెట్టి పనికి పోతారు. కాపలా ఉండదు. అయినా ఏ రాయి ఎవరిదో కాలనీ అంతటికీ తెలుసు. రెండేళ్ళ కిందట ఫారాలు పట్టుకుని తిరుపాలు ఈ వరుసని ఎన్నిసార్లు దాటాడో లెక్కలేదు. ఒకసారి కాలికి తగిలితే తిట్టుకున్నాడు కూడా.

గురుశిష్యులు వెళ్ళేసరికి పదిన్నర దాటింది. తిరుపాలు చంకలో ఆ కాలనీ ఫారాల కట్ట ఉంది. పనికి పోనివాళ్ళు పదిమంది దాకా గోడనీడన కూర్చుని ఉన్నారు. ఓబుళమ్మ తిరుపాలుని గుర్తుపట్టి, "కాగితాలాయప్ప మళ్ళా వచ్చినాడే!" అని నవ్వింది. ఆమెకి కాస్త ఎడంగా సువార్త అనే అమ్మాయి గోడకి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని ఉంది. ఎనిమిది నెలలు నిండిన చూలాలు. పొద్దున ఆసుపత్రికి పోయి రావడంతో ఆలస్యమై, ఆమె ఇటుక అన్నిటికన్నా వెనక, పంతొమ్మిదో చోట పడిందని ఓబుళమ్మ చెప్పింది. వంతు వచ్చినవాళ్ళు ఇంటికి నాలుగు రోజులకి సరిపడా పట్టుకుంటారు కాబట్టి, ట్యాంకరు ఏనాడూ పదిహేనో వంతు దాటిన పాపాన పోలేదు.

"ఆ అమ్మాయిది ముందు పెట్టరాదూ?" అన్నారు సారు తిరుపాలుతో, మామూలుగా.

తిరుపాలుకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి చేతులతో చేయదగ్గ మంచిపని ఒకటి దొరికింది. గబగబా వెళ్ళి ఇటుక ఎత్తి, తెచ్చి మొదటి బిందెకి ముందు పెట్టాడు.

సువార్త తప్ప గోడనీడంతా ఖాళీ అయిపోయింది. పదిమందీ ఒక్కసారే లేచారు, పది నోళ్ళూ ఒక్కసారే లేచాయి. అందరికన్నా ముందుకొచ్చింది ఓబుళమ్మ.

"ఏమప్పా, ఆ రాయి కదిపేదానికి నువ్వెవురు?"

"నిండు నెలల మనిషి కదమ్మా. మంచికే కదా చేశాను."

"మంచికే కానీ. మమ్మల్ని అడిగితివా?"

అతను దిక్కుతోచక సువార్త వైపు చూశాడు. ఆమె అయినా తన పక్షాన మాట్లాడుతుందనుకున్నాడు. సువార్త గోడ పట్టుకుని మెల్లగా లేచింది. నడుం పట్టుకుని వంగి ఇటుక తీసుకుంది. వెనక్కి నడుచుకుంటూ పోయి పంతొమ్మిదో చోటే పెట్టింది.

"నీ మనసు మంచిదేన్నా," అంది ఆయాసపడుతూ. "ఈ పొద్దు నువ్వు ముందు పెడితివి. రేపు ఇంగొకాయప్ప వచ్చి తీసి యెనక పెడితే నేనెవురిని అడగల్ల?"

తిరుపాలుకి మొహం మాడిపోయింది. పోనీ ఇక కూర్చుంటారేమో అనుకుంటే, వాళ్ళు కూర్చోలేదు. సువార్తది ముందు పెడదామా అని ఓబుళమ్మ అందరినీ అడగడం మొదలుపెట్టింది. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళని గోడల మీదుగా కేకేసి అడిగింది. పనికి పోయినవాళ్ళ తరఫున ఎవరు మాట్లాడాలన్నదాని మీద చిన్న తగాదా అయింది. మొదటి బిందె కుళ్ళాయమ్మది. పక్షవాతంతో మంచంలో ఉన్న మామని చూసుకోవాలి, తన చోటు ఇవ్వనని ఆమె మొండికేసింది. ఓబుళమ్మ బతిమాలింది, ఒకామె తిట్టింది, ఇంకొకామె కుళ్ళాయమ్మకే వత్తాసు పలికింది. మూల మీద ట్యాంకరు హారన్ మోగింది. తిరుపాలుకి కాళ్ళు నిలవడం లేదు. ఎవరో ఒకరు గట్టిగా ఒకమాట చెప్పి ముగించేస్తే బాగుండునని అతనికే అనిపించింది. అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది. చివరికి రెండో చోటు అని తేలింది. సువార్త రాయిని ఈసారి కుళ్ళాయమ్మే మోసుకొచ్చి, తన బిందె పక్కన పెట్టింది.

పైపు ఇంకా విప్పుతున్నారు. తిరుపాలు ఆగలేకపోయాడు. "అమ్మా, అప్పుడు అడిగిందే మళ్ళీ అడుగుతా. ఎన్నికలూ గొడవా లేకుండా గట్టివాడు ఒక్కడే ఏలితే మంచిదా?"

"మంచిదే," అంది ఓబుళమ్మ ఏమాత్రం తడుముకోకుండా. "ఒక్కడే గట్టోడు ఉండాల. అప్పుడూ అదే చెప్తిని గదా."

"మరి ఇప్పుడు ఒక్కణ్ణే వచ్చి రాయి కదిపితే ఎందుకొప్పుకోలేదమ్మా!" దాదాపు అరిచాడు తిరుపాలు.

ఓబుళమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఇంత చదివినవాడికి ఈమాత్రం తెలియదా అన్న జాలి ఆమె మొహంలో కనిపించింది.

"అది దేశం గదప్పా. ఇది మా లైను," అని బిందె అందుకుని పరుగెత్తింది.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. వెనకనుంచి నీళ్ళ చప్పుడూ, ఇంకేదో కొత్త తగాదా తాలూకు కేకలూ వినిపిస్తున్నాయి. తిరుపాలు చంకలోని ఫారాల కట్టని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంటూ నడిచాడు. లెక్క తప్పయితే బాగుండును, దిద్దుకునేవాడు. లెక్క తప్పు కాదు. ఓబుళమ్మ తన కళ్ళముందే నిలబడి మళ్ళీ అదే జవాబు చెప్పింది. మరి ఇందాక రోడ్డు పక్కన తను చూసినదాన్ని ఏ గడిలో రాయాలి? సోమవారం ఎంతో దూరంలో లేదు. తాత వంకర చెయ్యి గుర్తొచ్చింది.

"చివరి అధ్యాయం కొట్టేయమంటారా సార్?" అన్నాడు చివరికి.

సారు ఆగి, చెప్పులో దూరిన ఇసుక దులుపుకున్నారు.

"ఎందుకు? ఆమె నీకు అబద్ధం చెప్పలేదే." మళ్ళీ చెప్పు తొడుక్కుని నాలుగడుగులు వేశాక, వెనక్కి తిరగకుండానే అడిగారు. "దేశం ఎవరిదీ అని నువ్వడిగింది ఎన్నో ప్రశ్న, తిరుపాలూ?"